మంచు హాకీలో ముఖకవచము

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానమును, దానిపై దొర్లు బంతియు గుర్తునకు వచ్చును. కెనడా దేశములో ఆ మాటకు అర్థము వేరు. అక్కడ ఆటగాండ్రు ఉక్కు అంచులు గల స్కేట్లు తొడుగుకొని, గడ్డకట్టిన మంచుపై జారుచు ఆడుదురు. బంతికి మారుగా ‘పక్’ అను గట్టి రబ్బరు బిళ్లను వాడుదురు. మూడు అంగుళముల వెడల్పును, ఒక అంగుళము మందమును గల ఆ బిళ్ల అతివేగముగా దూసుకొని వచ్చును. దానికి ఎదురు నిలువవలసినవాడు గోల్‌కీపరు. కాళ్లకు, ఛాతీకి మెత్తలు కట్టుకొనుట పూర్వమునుండి ఉన్నదే. ముఖమునకు మాత్రము ఏ అడ్డును ఉండెడిది కాదు. 1930లో క్లింట్ బెనెడిక్ట్ అను ఆటగాడు కొన్ని ఆటలలో తోలు కవచము ధరించినను, ఆ అలవాటు నిలువలేదు. ముఖముపై గాయపు మచ్చలే గోల్‌కీపరు శౌర్యమునకు గుర్తులని జనము తలచినారు.

ఈ ఆచారమును మార్చిన జాక్ ప్లాంట్‌ను గూర్చి మేము ఇక్కడ చెప్పదలచినాము. అతడు 1929లో క్విబెక్ రాష్ట్రములో జన్మించినాడు. పదకొండుగురు బిడ్డలలో పెద్దవాడు. ఉబ్బసము వలన ఎక్కువసేపు స్కేటింగు చేయలేక, చిన్ననాడే గోలు కాచుటకు పూనుకొన్నాడు. పెద్దవాడై మాంట్రియల్ కెనేడియన్స్ జట్టులో చేరినాడు. 1956 మొదలు 1960 వరకు ఆ జట్టు వరుసగా ఐదు పర్యాయములు స్టాన్లీ కప్పును గెలిచినది. గోలును విడిచి ముందుకు వచ్చి, పక్‌ను ఆపి తనవారికి అందించుట ప్లాంట్ ఆటలోని విశేషము.

అభ్యాసములో అతడు ముఖకవచము ధరించుచుండెడివాడు. పోటీలలో ధరించుటకు శిక్షకుడు టో బ్లేక్ సమ్మతింపలేదు. 1959 నవంబరు 1వ తేదీన న్యూయార్కులో రేంజర్స్ జట్టుతో పోటీ జరిగినది. ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ ప్లాంట్ ముఖమునకు తగిలి రక్తము కారినది. ఆట నిలిచినది. వైద్యుడు కుట్లు వేసినాడు. కవచము లేనిదే తిరిగి ఆడనని ప్లాంట్ పట్టుపట్టినాడు. ఆ రోజులలో జట్టు వెంట రెండవ గోల్‌కీపరు ఉండెడివాడు కాదు. కావున బ్లేక్‌కు ఒప్పుకొనక తప్పలేదు. మాంట్రియల్ 3-1 గోల్స్‌తో గెలిచినది. ఓటమి లేని వరుస 18 ఆటల వరకు సాగినది. 1960 మార్చి 8వ తేదీన శిక్షకుని కోరికపై కవచము లేకుండ ఆడగా, డెట్రాయిట్ చేతిలో 3-0తో ఓటమి కలిగినది. పిమ్మట ప్లాంట్ దానిని మరల ధరించినాడు.

1962లో మేటి గోల్‌కీపరు టెర్రీ సాచుక్ కూడ కవచము చేపట్టినాడు. 1974 తరువాత జాతీయ హాకీ లీగులో కవచము లేని గోల్‌కీపరు కానరాడు. ఏడు పర్యాయములు వెజీనా బహుమానము పొందిన ప్లాంట్ 1986లో జెనీవాలో మరణించినాడు.

కవచము ధరించినవాడు పిరికివాడను అపవాదును ప్లాంట్ వాదముతో గాక, ఆటతో తొలగించినాడు. నేడు బాలురు సైతము కవచముతోనే గోలు ముందు నిలుచుచున్నారు. వారి కన్నులను, దంతములను కాచుచున్నది ఆనాటి పట్టుదలయే అని మేము తలచుచున్నాము.