అంకెలు చెప్తే చాలనుకున్నారు

1979 మార్చి 30, శుక్రవారం ఉదయం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రం మీదుగా ఎగురుతున్న హెలికాప్టర్‌లో పరికరం గంటకు 1,200 మిల్లీరెమ్‌ల రేడియేషన్ చూపించింది. కొలిచింది గొట్టం నోటికి పైన, గాలిలో. అంతకు రెండు రోజుల ముందు తెల్లవారుజామున నాలుగింటికి అక్కడి రెండో రియాక్టర్ దెబ్బతింది. లోపల ఏం జరుగుతోందో దాన్ని నడిపేవాళ్లకే అంతుబట్టడం లేదు. ఆ ఉదయమే అణు నియంత్రణ సంస్థ అధికారులు కాగితం మీద ఒక లెక్క వేశారు. ట్యాంకులో చేరిన వాయువు బయటికొస్తే నేల మీద నిలబడ్డ మనిషికి ఎంత తగులుతుంది? గంటకు 1,200 అని తేలింది. అంతలోనే బయటినుంచి అదే అంకె చెవిన పడింది. లెక్కలో ఉన్నది నేల సంగతి, విన్నది ఆకాశం సంగతి. ఆ తేడా తేల్చుకోకుండానే, జనాన్ని ఖాళీ చేయించమని గవర్నర్‌కు కబురు వెళ్లిపోయింది.

గవర్నర్ డిక్ థార్న్‌బర్గ్ కాసేపు తటపటాయించి, ఐదు మైళ్ల లోపల ఉన్న గర్భిణులు, బడి ఈడు రాని పిల్లలు వెళ్లిపోతే మంచిదని మధ్యాహ్నం ప్రకటించాడు. వెళ్లమన్నది కొన్ని వేలమందినైతే వెళ్లింది సుమారు 1,44,000 మంది. కడుపుతో ఉన్న కోడలికి పడని గాలి అత్తగారికి మాత్రం ఎలా పడుతుంది? జనం అలా ఆలోచించారంటే నేను తప్పుపట్టను. పైగా అణు కేంద్రంలో ప్రమాదం కథగా తీసిన ‘ది చైనా సిండ్రోమ్’ సినిమా ఆ మార్చి 16నే విడుదలై థియేటర్లలో ఆడుతోంది.

కంపెనీది ఒక మాట, రాష్ట్రానిది ఒక మాట, వాషింగ్టన్‌ది ఇంకో మాటగా ఉన్న ఆ గందరగోళంలోకి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తన మనిషిగా హెరాల్డ్ డెంటన్‌ను పంపాడు. నియంత్రణ సంస్థలో ఇంజనీరు ఆయన. మాటకారిగా పేరున్నవాడేం కాదు. అమెరికా దక్షిణాది యాసలో నింపాదిగా, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది ఇంకా తెలియదన్నట్టు చెప్పాడు. ఊరు ఆయన్ని నమ్మింది. తర్వాత ఈ ప్రమాదంపై విచారణకు జాన్ కెమెనీ అధ్యక్షతన కమిషన్ వేశారు. బేసిక్ అనే కంప్యూటర్ భాషను రూపొందించిన ఇద్దరిలో ఒకాయన ఈ కెమెనీ. ప్రజల ఆరోగ్యం మీద ఆ ప్రమాదం చూపిన అతి పెద్ద ప్రభావం మానసిక ఆందోళనేనని కమిషన్ తేల్చింది. అంటే రియాక్టర్ చేసిన హాని కన్నా, రియాక్టర్ గురించి చెప్పిన తీరు చేసిన హాని ఎక్కువ.

ఇవాళ విదేశీ విశ్వవిద్యాలయాలు ఎన్నింటిలోనో సైన్స్, ఆరోగ్యం, పర్యావరణం, రిస్క్ కమ్యూనికేషన్ అని పీజీలూ పీహెచ్‌డీలూ ఉన్నాయి. వాటి పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే సిలబస్ కమిటీల కన్నా ముందు ఇలాంటి శుక్రవారాలే ఎదురవుతాయి.

అసలు ప్రశ్న వేసింది మాత్రం త్రీ మైల్ ఐలండ్‌కు పదేళ్ల ముందు, చాన్సీ స్టార్ అనే అణు ఇంజనీరు. 1969లో ‘సైన్స్’ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. సాంకేతికత వల్ల వచ్చే ముప్పు ఎంతవరకు సమాజానికి ఆమోదమో లెక్క కట్టాలన్నది ఆయన ప్రయత్నం. తేలింది విచిత్రంగా ఉంది. తమంతట తాము ఎంచుకున్న పనిలో జనం ఒప్పుకునే ముప్పు, తమ నెత్తిన ఎవరో పెట్టిన ముప్పు కన్నా సుమారు వెయ్యి రెట్లు ఎక్కువట. మంచు మీద జారే ఆటలో కాలు విరగ్గొట్టుకోవడానికి సిద్ధపడే మనిషి, ఊరి పక్క ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే చిటికెడు పొగకు ఒప్పుకోడు. స్టార్ దీన్ని పాత లెక్కల్లోంచి రాబట్టాడు గానీ, జనాన్ని నేరుగా అడగలేదు.

అడిగినవాళ్లు ఓరెగన్ రాష్ట్రంలోని యూజీన్ ఊరి మనస్తత్వ శాస్త్రవేత్తలు. పాల్ స్లోవిక్, బరూక్ ఫిష్‌హాఫ్, సారా లిక్టెన్‌స్టైన్ అక్కడ డెసిషన్ రీసెర్చ్ అనే చిన్న సంస్థలో పనిచేసేవారు. ఊళ్లోని మహిళా ఓటర్ల సంఘం సభ్యులను, వాళ్ల భర్తలను కూర్చోబెట్టి 30 పేర్లున్న జాబితా చేతికిచ్చారు. అణు విద్యుత్తు, కార్లు, పిస్తోళ్లు, సిగరెట్లు, ఎక్స్‌రేలు, సైకిళ్లు, ఈత, టీకాలు, ఇంట్లో వాడే కరెంటు సామాన్లు. ఏది ఎంత ప్రమాదమో వరస కట్టమన్నారు. తర్వాత కాలేజీ విద్యార్థులకూ, ప్రమాదాల అంచనాలో నిపుణులైనవారికీ అదే పని ఇచ్చారు. సంఘం సభ్యులు, విద్యార్థులు కూడా అణు విద్యుత్తును ఒకటో స్థానంలో పెట్టారు. నిపుణులు 20వ స్థానంలో పెట్టి, మొదటి స్థానం కార్లకు ఇచ్చారు. ఎక్స్‌రేల దగ్గర సీను తిరగబడింది. నిపుణులకు అవి ఏడో స్థానం, సంఘం వాళ్లకు 22వది.

ఇంతవరకే చూస్తే “చూశారా, జనానికి లెక్క తెలియదు” అని నిపుణులు చేతులు దులుపుకోవచ్చు. ఆ ముగ్గురి గొప్పతనం ఇక్కడ ఆగకపోవడంలో ఉంది. మామూలు సంవత్సరంలో ఒక్కోదాని వల్ల ఎంతమంది చనిపోతారనుకుంటున్నారని కూడా అడిగారు. అణు విద్యుత్తుకు జనం వేసిన అంచనా 30 అంశాల్లోకెల్లా తక్కువ! చావుల లెక్క వాళ్లకు తెలుసు, అయినా దానికే భయపడ్డారు. వాళ్లు ఆలోచిస్తున్నది మామూలు సంవత్సరం గురించి కాదు మరి. ఒక్కసారే మూకుమ్మడిగా ముంచేస్తుందా, నా చేతిలో ఉందా, కంటికి కనిపిస్తుందా, పుట్టబోయే పిల్లలకు తగులుతుందా, దీని సంగతి శాస్త్రానికైనా పూర్తిగా తెలుసా అన్నవి వాళ్ల ప్రశ్నలు. నిపుణులు శవాలను లెక్కపెడుతుంటే జనం ఇవన్నీ తూకం వేస్తున్నారు. ఈ రంగం మొత్తానికి ఇంతకన్నా ముఖ్యమైన ఆవిష్కరణ ఇంకోటి జరగలేదని నా నమ్మకం.

1983లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా ఊళ్లో ఒక కొత్త ప్రయోగం జరిగింది. అక్కడి రాగి కరిగించే కర్మాగారం గాలిలోకి ఆర్సెనిక్ వదులుతోంది. కట్టడి చేస్తే కర్మాగారం మూతపడొచ్చు, వదిలేస్తే క్యాన్సర్. పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి విలియం రకల్స్‌హాస్, ఎంత ముప్పు సమ్మతమో రాజధానిలో కూర్చుని తాను తేల్చడం అహంకారమవుతుందని, టకోమా వాళ్లతోనే మాట్లాడదామని నిర్ణయించాడు. సభలు పెట్టారు, శాస్త్రవేత్తలు వచ్చి వివరించారు. ప్రాణాలతో పాచికలాడిస్తున్నాడని పత్రికలు మండిపడ్డాయి. ఊరివాళ్లు మాత్రం చొక్కాలకు బిళ్లలు తగిలించుకుని వచ్చారు. వాటి మీద ఉన్నది ఒకటే మాట: రెండూ. ఉద్యోగాలు, ఆరోగ్యం రెండూ కావాలి, ఆ రెంటి మధ్య ఎంచుకోమన్న మీ ప్రశ్నే మాకు వద్దు అని. రాగి ధర పడిపోవడంతో కర్మాగారం 1985లో తనంతట తానే మూతపడింది. జనాన్ని అడగడమంటూ జరిగితే అడిగిన ప్రశ్నకే జవాబు వస్తుందన్న హామీ లేదని మాత్రం ప్రభుత్వానికి తెలిసొచ్చింది.

ఈ మధ్యలోనే భోపాల్ జరిగింది. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక ఒక అమెరికా కంపెనీ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు బస్తీల మీదికి పాకింది. బయటికి వినిపించే సైరన్ కాసేపు మోగి ఆగిపోయింది. గాలి ఎటు వీస్తోందో, ఎటు పరుగెత్తకూడదో, ముఖానికి తడిబట్ట కట్టుకుంటే కొంతైనా మేలని చెప్పిన నాథుడు లేడు. అదే కంపెనీకి అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లో, అదే విషవాయువు తయారుచేసే కర్మాగారం ఉంది. 1985 ఆగస్టులో అక్కడా వేరే రసాయనం లీకై వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అమెరికా ఉలిక్కిపడింది. 1986 అక్టోబర్‌లో, తమ పక్కన ఏ రసాయనం ఎంత ఉందో తెలుసుకునే హక్కు ప్రజలకు ఇస్తూ చట్టం చేసింది. కర్మాగారాలు ఏటా తాము వదిలిన విషాల చిట్టా విప్పక తప్పలేదు.

మన దగ్గరా చట్టాలు రాలేదని కాదు. కర్మాగారాల చట్టానికి 1987లో చేసిన సవరణ ప్రకారం చుట్టుపక్కల జనానికి ప్రమాదం గురించి చెప్పడం యాజమాన్యం బాధ్యత. 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు వచ్చాయి. కాగితం మీద లోటు లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం ఇళ్లమీదికి వచ్చినప్పుడు సైరన్ మోగలేదు. మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా ఎవరూ నొక్కలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. 12 మంది చనిపోయారు. భోపాల్‌లో మనవాళ్ల ప్రాణాలు పోతే పాఠం అమెరికా నేర్చుకుందని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

చిట్టా విప్పాల్సి వచ్చిన అమెరికా కంపెనీలకు కొత్త తలనొప్పి మొదలైంది. రేపు ఊరివాళ్లు వచ్చి “ఇన్నేసి టన్నులు మా పిల్లల మీద పోస్తున్నారా?” అంటే ఎవరు మాట్లాడాలి? ఏమని? రిస్క్ కమ్యూనికేషన్‌కు గిరాకీ పెరిగింది అప్పుడే. 1988లో పర్యావరణ పరిరక్షణ సంస్థ విన్సెంట్ కొవెల్లో, ఫ్రెడరిక్ ఆలెన్ రాసిన ఏడు సూత్రాల చిన్న పుస్తకం అచ్చేసింది. మొదటి సూత్రం, ప్రజలను భాగస్వాములుగా ఒప్పుకోండి అని. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ శాండ్‌మన్, ముప్పు అంటే హాని ఒక్కటే కాదని, దానికి జనాగ్రహం కలపాలని సూత్రీకరించాడు. ఆయన కంపెనీలకూ సలహాలిచ్చాడు. జనం కోపాన్ని అర్థం చేసుకునే విద్యకూ, దాన్ని చల్లార్చి పంపే విద్యకూ మధ్య గీత పలచన. ఆ అనుమానం ఈ రంగాన్ని ఇప్పటికీ వదల్లేదు, వదలకపోవడమే మంచిది.

అట్లాంటిక్ అవతల పాఠం గొర్రెల రూపంలో వచ్చింది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలాక రేడియోధార్మిక మేఘం బ్రిటన్‌లోని కంబ్రియా కొండలమీద వర్షించింది. జూన్‌లో గొర్రెల అమ్మకం, తరలింపు ఆపేశారు. మూడు వారాలు ఓపిక పట్టండి, రేడియోధార్మిక సీజియం దిగిపోతుందన్నారు ప్రభుత్వ శాస్త్రవేత్తలు. వాళ్ల లెక్క బంకమట్టి నేలలది. ఆ కొండల్లో ఉన్నది ఆమ్ల గుణమున్న పీట్ నేల. అక్కడ సీజియం మట్టికి అతుక్కోదు, గడ్డి మళ్లీ మళ్లీ పీల్చుకుంటుంది. లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ విన్ అక్కడి గొర్రెల కాపర్లతో కూర్చుని మాట్లాడాడు. సీజియంను పట్టి ఉంచే మట్టి చల్లిన గడ్డి మేస్తే సీజియం తగ్గుతుందేమో చూడాలని శాస్త్రవేత్తలు గొర్రెలను కంచెల్లో కట్టేశారట. కొండమీద తిరిగే జీవాన్ని కట్టేస్తే చిక్కిపోతుంది, మీ లెక్క తప్పుతుంది అని కాపర్లు ముందే చెప్పారు. వినలేదు. కొన్నాళ్లకు ఆ ప్రయోగాన్ని చడీచప్పుడు లేకుండా ఎత్తేశారు. మూడు వారాలన్న ఆంక్షలు చివరి పొలాల మీదినుంచి తొలగింది 2012లో.

విన్ చెప్పిందాంట్లో నాకు నచ్చింది, కాపర్లు శాస్త్రాన్ని కాదనలేదన్న పరిశీలన. గొర్రె సంగతి, గడ్డి సంగతి తెలిసినవాళ్లను ఒక్క మాటైనా అడక్కుండా అంత నిబ్బరంగా ఎలా చెప్పారన్నదే వాళ్ల అభ్యంతరం. ఇక చదువుల సంగతికొస్తే, జనానికి సైన్స్ మీద అవగాహన పెంచాలని బ్రిటన్ రాయల్ సొసైటీ 1985లోనే నివేదిక ఇచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ 1991లో సైన్స్ కమ్యూనికేషన్‌లో మాస్టర్స్ మొదలుపెట్టింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మాత్రం కమ్యూనికేషన్ విభాగం నేటికీ వ్యవసాయ కళాశాలలోనే ఉంది. కొత్త విత్తనం గురించి రైతుకు చెప్పి, ఆ రైతు ముఖంలో అపనమ్మకాన్ని చదివిన విస్తరణ విభాగాల వాళ్లకు ఈ చదువు ఇంటి విద్యే.

ఇరవయ్యేళ్ల ఈ ప్రయాణాన్ని ఫిష్‌హాఫ్ 1995లో కాస్త వెటకారంగానే వరస పెట్టాడు. అంకెలు సరిగ్గా వేస్తే చాలనుకున్నాం. తర్వాత జనానికి ఆ అంకెలు చెప్తే చాలనుకున్నాం. తర్వాత అర్థం వివరిస్తే, తర్వాత ఇలాంటివి మీరెన్ని భరించడం లేదని గుర్తుచేస్తే, తర్వాత ఇందులో మీకూ లాభముందని చూపిస్తే, తర్వాత మర్యాదగా మాట్లాడితే... చివరికి భాగస్వాముల్ని చేసుకోవాలన్న దగ్గరికి చేరాం. మన కార్యాలయాలు చాలావరకు ఇంకా రెండో మెట్టు మీదే ఉన్నాయని నాకు అనిపిస్తుంది.

ఫిష్‌హాఫ్, గ్రేంజర్ మోర్గన్, వాళ్ల సహచరులు కార్నెగీ మెలన్‌లో కట్టిన పద్ధతి మాత్రం సాదాసీదా. చెప్పడానికి ముందు వినడం. రేడాన్ అనే వాయువు నేలలోంచి ఇళ్లలోకి చేరి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. దానిమీద ప్రభుత్వం కరపత్రాలు పంచింది. వీళ్లు జనం దగ్గరికి వెళ్లి, రేడాన్ గురించి మీకు తెలిసింది చెప్పండి అని గంటల కొద్దీ విన్నారు. రేడాన్ ఒకసారి ఇంట్లో చేరితే గోడలకు పట్టి శాశ్వతంగా ఉండిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి అది కొన్ని రోజుల్లోనే క్షీణిస్తుంది, రాకుండా ఆపితే ఇల్లు బాగుపడుతుంది. శాశ్వతమనుకున్నవాడు పరీక్ష చేయించి ఏం లాభం? ఇల్లు అమ్ముడుపోదని దిగులు తప్ప. అది క్షీణిస్తుందన్న ఒక్క ముక్క కరపత్రంలో రాయాలని శాస్త్రవేత్తలకు తట్టలేదు, వాళ్లకది మరీ తెలిసిన సంగతి కాబట్టి.

ఇది చదివినప్పుడల్లా నా ఆలోచన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీదికి పోతుంది. కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లలో ఏళ్లుగా మూత్రపిండాల జబ్బు. నీళ్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో పని, వంశపారంపర్యం అన్నీ అనుమానితులే. ఏదీ ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబర్‌లో 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం ప్రారంభమైంది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. కుళాయి మంచిదే, కాదనేవారెవరు? కానీ కారణం తేలని జబ్బున్న ఊరికి కుళాయి వస్తే, జబ్బు నీళ్ల వల్లేనని ప్రభుత్వమే చెప్పినట్టు ఊరు అనుకోదా? అలా అనుకున్న మనిషి శుద్ధి చేసిన నీళ్లు తాగుతున్నాం కదా అని రక్తపరీక్ష మానేస్తాడా? ఒళ్లు నొప్పులకు మందుల షాపులో మాత్ర కొనుక్కుని ఎండలో తోటకెళ్తాడా? కవిటిలోనో సోంపేటలోనో అరుగు మీద కూర్చుని, రేడాన్ గురించి విన్నంత ఓపికగా వింటే గానీ ఇవి తెలియవు. పీహెచ్‌డీకి అంశం వెతుక్కుంటున్నవాళ్లకు నాలుగైదేళ్ల పని అక్కడుంది.