పరిచారకుల భారమును కొలిచిన విధము

మతి తప్పిన భర్తకు అన్నము కలిపి పెట్టి, రాత్రివేళ ఆయన వీధిలోనికి వెడలిపోకుండ తలుపు గడియ వేసి కూర్చుండు ఇల్లాలి అలసటను అంకెలలోనికి తేవచ్చునని చిరకాలము వైద్యులకు తోచలేదు. వారి దృష్టి రోగిమీదనే నిలిచియుండెను. 1980లో అమెరికాయందు స్టీవెన్ జారిట్ అను మనస్తత్త్వవేత్త, ఇరువురు సహచరులతో కూడి, 29 మంది వృద్ధరోగులను, వారికి పరిచర్య చేయు 29 మందిని జతలుగా గ్రహించి, తమకంటూ తీరిక మిగులుచున్నదా, రోగిపై కోపము వచ్చుచున్నదా వంటి ప్రశ్నలతో భారమును కొలిచెను. రోగి చేష్టల తీవ్రతకును ఆ భారమునకును సంబంధము కనబడలేదు. బంధువుల రాకపోకలు హెచ్చుగా నున్న యిండ్లలో మాత్రము భారము తగ్గియుండెను. ముప్పదికి లోబడిన జతలపై సిద్ధాంతము నిర్మింపరాదు గాని, చుట్టపుచూపు విలువ నెరిగిన మన పెద్దలు ఈ ఫలితమునకు ఆశ్చర్యపడియుండరు.

అయితే ఒకరి స్థితి మరొకరిని తాకును గనుక, ఒక యింటి ఇద్దరిని వేర్వేరు సాక్షులుగా లెక్కించుట గణాంకవేత్తలకు చిక్కు. సోదరుల ఎత్తులవంటి జంటకొలతల పోలికకు గణాంకవేత్త ఫిషర్ 1925 నాటి తన గ్రంథమున సహసంబంధ పద్ధతిని వివరించెను; కాని రోగియు, పరిచారకుడును అన్నదమ్ములవలె తారుమారు చేయదగిన వారు కారు. ఒకరి స్థితి తనపైనను, ఎదుటివానిపైనను చూపు ప్రభావములను విడదీయు నమూనాను అటుపిమ్మట మనస్తత్త్వవేత్త డేవిడ్ కెన్నీ ప్రభృతులు రూపొందించిరి. దానికి ఇరువురి సమాధానములును వలయును. జ్ఞాపకము నశించిన రోగికి బదులుగా పరిచారకురాలే పలికినచో, రెండు గడులను నింపునది ఒక్క చేయియే గదా!