అగమ్‌దాస్ - మినీమాత: బాలలకొక సచిత్ర జీవితం

రాజకీయ దంపతుల జీవితాన్ని బాలల కోసం బొమ్మలతో చెప్పబూనినపుడు చిత్రకారునికి పాత అలవాటొకటి అడ్డువస్తుంది. భర్తను ముందు నిలిపి, భార్యను ఆయన భుజం వెనుక గీయటం ఆ అలవాటు. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గురు అగమ్‌దాస్, మినీమాతల కథ ఆ చట్రంలో ఇమడదు.

అగమ్‌దాస్ సత్నామీ పంథాను నెలకొల్పిన గురు ఘాసీదాస్ (1756-1850) వంశీయుడు. విగ్రహాన్ని కాక సత్యనామాన్నే కొలవాలని, మనుషులలో హెచ్చుతగ్గులు లేవని ఘాసీదాస్ బోధించారు. అంటరానివారుగా వెలికి గురైన జనం ఆ బోధతో, తెల్లని జైత్‌ఖాంబ్ స్తంభాన్ని గుర్తుగా నిలుపుకొని, ఒక సమాజంగా రూపొందింది. 1920లలో ఏర్పడిన సత్నామీ మహాసభ, ప్రభుత్వ పత్రాలలో తమను సత్నామీలనే పేర్కొనాలని కోరింది. గౌరవప్రదమైన పేరు కోసం సాగిన ఆ ప్రయత్నమే గురుపీఠాన్ని రాజకీయాల వైపు నడిపిందని చెప్పవచ్చు.

మినీమాత కథ మరొక దిక్కున మొదలవుతుంది. 1896-97లోను, 1899-1900లోను ఛత్తీస్‌గఢ్‌ను కరువులు పీడించాయి. ఆ కాలంలో బ్రతుకుతెరువు వెదుకుతూ అస్సాం తేయాకు తోటలకు తరలిపోయిన కుటుంబాలలో ఆమె మాతృవంశం ఒకటి. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి కూడ కూలీలు ఆ తోటలకే వెళ్ళారు కనుక తెలుగు పాఠకునికి ఈ ఘట్టం పరాయిది కాదు. అస్సాంలో పుట్టిన ఆ బాలిక పేరు మీనాక్షి. అక్కడి సత్నామీలను చూడవచ్చిన గురువు అగమ్‌దాస్‌ను వివాహమాడి ఆమె తన పూర్వీకుల నేలకు తిరిగివచ్చారు. పుస్తకంలో ఎక్కువ పుటలు దక్కవలసినది ఈ రాకపోకలకే. ఆకలితో వెళ్ళిన దారిని, గురుపత్నిగా తిరిగివచ్చిన దారిని ఎదురెదురు పుటలలో చూపితే బాలలకు వేరే వ్యాఖ్య అక్కరలేదు.

1952 ఎన్నికలలో అగమ్‌దాస్ బిలాస్‌పూర్-దుర్గ్-రాయ్‌పూర్ స్థానం నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒకే ఓటరు సముదాయం ఇద్దరు సభ్యులను పంపేది, అందులో ఒక స్థానం షెడ్యూల్డు కులాలది. (ఇటువంటి నియోజకవర్గాలు 1961లో రద్దయినవి, ఈ సంగతిని బొమ్మలో చూపటం చిత్రకారునికి చిన్న పరీక్షే.) ఆయన మరణానంతరం 1955 ఉపఎన్నికలో మినీమాత ఆ స్థానం నుండి గెలిచారు.

ఇక్కడ రచయిత జాగ్రత్తపడాలి. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టాన్ని పార్లమెంటులో ప్రతిపాదించినది ఆమెయేనని ప్రచారంలో ఉన్నది. ఆ బిల్లును ప్రభుత్వమే 1954లో, అనగా ఆమె సభలో అడుగుపెట్టక పూర్వమే, ప్రవేశపెట్టింది. అభిమానంతో పుట్టిన మాటే అయినా బాలల పుస్తకంలో దానికి చోటివ్వరాదు. పెద్దలు చదివిన తప్పును పెద్దలు దిద్దుకొనగలరు. పదేళ్ళ వయసులో బొమ్మతో సహా మనసున నాటుకొన్నది అంత తేలికగా పోదు.

పైగా ఆమెకు అరువు కీర్తి అవసరమా? 1957లోను, 1962లోను బలౌదా బజార్ నుండి, 1967లోను, 1971లోను జాంజ్‌గీర్ నుండి ఆమె ఎన్నికైనారు. ఉపఎన్నికలో గెలుపు భర్త స్మృతికి దక్కిందని వాదించేవారుండవచ్చు. తరువాతి నాలుగు గెలుపులకు ఆ వాదం చాలదు. తెలుగువారికి ఈ సందర్భంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ తలపునకు వస్తారు. ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను 1953లో వివాహమాడేనాటికే ఆమె రాజ్యాంగసభలో పనిచేసి ఉన్నారు. తమ దాంపత్యకథను 1980లో తానే గ్రంథంగా వెలువరించారు. మినీమాతను మాత్రం మనం ప్రధానంగా సభా రికార్డులలోను, జనం నోటి మాటలలోను వెదకవలసి వస్తుంది. ఆ రెండింటిలో ఏది ఎక్కడిదో బాలలకు తెలిసేలా చెప్పటం కష్టమేమీ కాదు.

1931లో పూర్తయిన రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం మీదుగా ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడినాయి. ఈ పుస్తకం తెలుగులోను రావలసినది ముందుగా ఆ కుటుంబాల పిల్లల కోసం.

1972 ఆగస్టులో ఢిల్లీ సమీపాన జరిగిన విమాన ప్రమాదంలో మినీమాత మరణించారు. చివరి పుటలో ఆ ప్రమాదాన్ని గీయనక్కరలేదు. కోర్బా జిల్లాలో హస్‌దేవ్ నదిపై నిర్మించిన బాంగో ఆనకట్టకు ఆమె పేరు పెట్టారు. ఆ జలాశయాన్ని, దాని నీరు పారే వరిచేలను గీస్తే సరిపోతుంది.