గురువు, లఘువు, ఒక చెట్టు

యమాతారాజభానసలగం! చదవగానే మీ పెదవులు కదిలాయి కదూ? పదమూడో ఎక్కం మరిచిపోతాం గానీ ఇది మరిచిపోం. బళ్ళో తెలుగు మేష్టారు కంఠతా పట్టమన్నారు, పట్టేశాం. గణాలు ఎనిమిదే ఎందుకు, తొమ్మిది ఎందుకు కాకూడదు అని మాలో ఒక్క పిల్లయినా అడగలేదు. అడిగితే జవాబు లెక్కల్లో ఉందాయె! లెక్కలు పక్క గదిలో చెప్పేవారు. కథలు, కవిత్వం అంటూ తిరిగే మాలాంటి ఆడపిల్లలకు ఆ గదితో పనేమిటని పెద్దవాళ్ళే తేల్చేశారు, మేమూ తల ఊపేశాం.

మొన్నీమధ్య ఆ గది తలుపు మా ఇంట్లోనే తెరుచుకుంది. మేముండేది పెద్ద అంబర్‌పేట్‌లో, విజయవాడ రోడ్డు మీద, హయత్‌నగర్ దాటాక. మా అక్క కూతురు మా దగ్గరే ఉండి దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోచింగుకు వెళుతోంది. ఎల్.బి.నగర్ దాకా బస్సు, అక్కణ్ణించి మెట్రో. ఓ సాయంత్రం పుస్తకం మంచం మీద పడేసి, "పిన్నీ, ఈ రికర్షన్ నా బుర్రకెక్కదు. తనను తానే పిలుచుకునే ఫంక్షనట. పిలిచేదీ తనే అయితే పలికేదెవరు?" అంది.

నవ్వొచ్చింది. కానీ ప్రశ్న మంచిదే. ఏడు చేపల కథ గుర్తుచేశాను. చేప ఎండలేదేమంటే గడ్డిమేటు అడ్డొచ్చింది. మేటును అడిగితే ఆవు మేయలేదంటుంది. ఆవు పాలేరు మీద చెబుతుంది, పాలేరు అమ్మ మీద, అమ్మ ఏడ్చే పిల్లాడి మీద. ప్రశ్న ఒకటే, అడగబడేవాళ్ళు మారుతున్నారు. చివరికి చీమ ఎవరి మీదా నెట్టకుండా జవాబు చెప్పేసింది. అక్కడితో కథ నిలబడింది. ఆ చీమే లేకపోతే రాజుగారి కొడుకు ఇప్పటికీ అడుగుతూనే ఉండేవాడు! "చీమను మరిచిపోతే ప్రోగ్రాం కూడా ఆగదు పిన్నీ" అంది పిల్ల, ముఖం విప్పారుతూ.

దాని పాఠంలో తరవాతది చెట్టు. మొదలు దగ్గర రెండు కొమ్మలు, ఒక్కో కొమ్మకు మళ్ళీ రెండు. ఆ బొమ్మ చూస్తుంటే నాకు ఛందస్సు పుస్తకంలోని ప్రస్తారం కళ్ళముందు మెదిలింది. మొదటి అక్షరం గురువో లఘువో కావాలి: రెండు కొమ్మలు. రెండో అక్షరానికి మళ్ళీ అంతే: నాలుగు. మూడో అక్షరానికి ఎనిమిది. అవే మన ఎనిమిది గణాలు. తొమ్మిదోదానికి చెట్టు మీద చోటే లేదు.

దీన్ని రాసిపెట్టినవాడు పింగళుడు. క్రీస్తుకు పూర్వపువాడని పండితుల అంచనా. ఆయన ఛందస్సూత్రాలలో చెప్పిన పద్ధతి చూడండి. ఒక అక్షరానికి గ, ల. ఇదే చీమ. రెండక్షరాలకు ఆ పట్టికకే చివర గ చేర్చి ఒకసారి, ల చేర్చి ఒకసారి రాయాలి: గగ, లగ, గల, లల. మూడక్షరాలకు మళ్ళీ ఈ నాలుగింటికీ అదే పని. మ, య, ర, స, త, జ, భ, న వరసగా దిగుతాయి. అష్టవసువుల్లా ఇవి ఎనిమిది అని ఆయనే అన్నాడు. పెద్ద పట్టిక ఎలా కట్టాలంటే చిన్న పట్టిక తెచ్చుకో అంటాడు, అంతే. పాత పట్టికను చెరపడు, దిద్దడు. దాన్నలాగే ఉంచి కొత్తది కడతాడు. మా పిల్ల చదివే ఫంక్షనల్ ప్రోగ్రామింగులో మొదటి నియమం ఇదేనట: చేతికిచ్చిన వస్తువును పాడుచేయకు, కొత్త జవాబు తయారుచేసి ఇవ్వు.

ఇలా అన్నానని కంప్యూటర్ మనవాళ్ళే కనిపెట్టారని ఊరేగే బాపతు కాదు సుమండీ నేను. అలాంటి మాటలంటే నాకు చిరాకు. ఫంక్షన్లతోనే లెక్కంతా నడిపే శాస్త్రాన్ని 1930లలో అమెరికాలో అలొంజో చర్చ్ కట్టాడు. 1958లో జాన్ మెకార్తీ లిస్ప్ భాష మొదలుపెట్టి రికర్షన్‌ను యంత్రానికి అలవాటు చేశాడు. పింగళుడి గొడవ పద్యం గొడవ. పద్యం కోసం అంత దూరం వెళ్ళాడే అన్నదే నాకు ముచ్చట.

ఇంకో ముచ్చట మన కందపద్యానిది. కందంలో గగ, భ, జ, స, నల అని అయిదే గణాలు. ఎందుకయిదు? లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కందగణానికి నాలుగు మాత్రలు. చివర లఘువుంటే ముందు మూడు మాత్రలు మిగులుతాయి, వాటికి మూడు రూపాలు. చివర గురువుంటే మిగిలేవి రెండు మాత్రలు, రెండు రూపాలు. మూడూ రెండూ అయిదు! అయిదు మాత్రలకు అయిదూ మూడూ ఎనిమిది, ఆరింటికి పదమూడు. ఈ మాట ప్రాకృత ఛందస్సు రాసిన విరహాంకుడు చెప్పాడు. గుజరాత్‌లో జైనాచార్యుడు హేమచంద్రుడు 1150 ప్రాంతంలో మళ్ళీ చెప్పాడు. ఇటలీలో ఫిబొనాచీ కుందేళ్ళ లెక్క పుస్తకానికెక్కింది 1202లో. లోకం ఆయన పేరే పెట్టుకుంది. కంప్యూటర్ శాస్త్రానికి పెద్దబాలశిక్ష లాంటి గ్రంథం రాసిన డోనాల్డ్ క్నూత్ మాత్రం మన ఛందశ్శాస్త్రజ్ఞుల పేర్లు మరిచిపోకుండా రాశాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది 'నష్టం'. అంటే పోయినదని. ప్రస్తారంలో ఒక వరుస చెరిగిపోతే, దాని అంకెనుబట్టి తిరిగి రాబట్టే ఉపాయం. సరిసంఖ్య అయితే లఘువు రాసి సగం చెయ్యి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చెయ్యి. మళ్ళీ అదే. కావలసినన్ని అక్షరాలు రాగానే ఆగు. ఆరో గణం కావాలా? ఆరు సరి: లఘువు, మూడు మిగిలింది. మూడు బేసి: గురువు, నాలుగులో సగం రెండు. రెండు సరి: లఘువు. లగల, జగణం! పప్పు ఉడికేలోపు మీరూ చేసి చూడొచ్చు.

ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు. ఇరవై అక్షరాల చెట్టుకు చివరి కొమ్మలు 10,48,576. అందులో ఉత్పలమాల 3,55,799వది. పది లక్షల కొమ్మలూ తడమక్కర్లేదు, ఇరవై మెట్లలో దాన్ని పట్టుకోవచ్చు. ఇరవయ్యొక్క అక్షరాల చెట్టులో చంపకమాల 7,11,600వది. ఉత్పలమాల మొదటి గురువు తీసి రెండు లఘువులు పెడితే చంపకమాల అవుతుందని మేష్టారు చెప్పేవారు కదా, ఈ అంకెల్లో అది కనిపిస్తుందేమోనని కాగితం తీసుకున్నాను. 7,11,600 సరి: లఘువు, సగం 3,55,800. అదీ సరే: మళ్ళీ లఘువు, సగం 1,77,900. ఇటు ఉత్పలమాల 3,55,799 బేసి: గురువు, ఒకటి కలిపి సగం చేస్తే 1,77,900. అక్కణ్ణించి మిగిలిన పంతొమ్మిది అక్షరాలూ రెండింటికీ ఒకటే.