బొల్లారమున దూత

రాజునకు చారులు కన్నులు, దూత నోరు అని మన నీతివేత్తలు చెప్పుదురు. ఈ రెండు పనులును ఒక్కనియందే చేరినచో నేమగునో, మన యాప్రాలునకు పొరుగుననున్న బొల్లారము 1948లో చూచినది.

1947 ఆగస్టు 15న ఆంగ్లేయుల సార్వభౌమాధికారము తొలగగా, రెసిడెంటు పదవియు నంతరించెను. నవంబరు 29న భారత ప్రభుత్వమునకును నిజామునకును యథాతథపు టొడంబడిక కుదిరెను. ఇరుపక్షములును ప్రతినిధులను నియమించుకొనవలెనని అందలి నియమము. నిజాము పక్షమున ఢిల్లీలో నవాబు జైన్ యార్ జంగు ఉండెను. ఇచ్చటికి 1948 జనవరిలో కనయ్యలాల్ మాణిక్‌లాల్ మున్షీగారు ఏజంటు జనరలుగా వచ్చి, బొల్లారమున బస చేసిరి. వారు న్యాయవాదులు, గుజరాతీ నవలాకారులు, 1938లో భారతీయ విద్యాభవనమును స్థాపించినవారు.

పూర్వపు సార్వభౌమాధికారము భారత ప్రభుత్వమునకు సంక్రమింపదని ఒడంబడికలోనే యున్నది. అయినను పాత రెసిడెంటే క్రొత్తవేషమున వచ్చెనని నిజాము మంత్రులు శంకించిరి. రజాకార్ల దౌర్జన్యములను గూర్చి మున్షీగారు ఢిల్లీకి వర్తమానములు పంపుచుండిరి. వినదగిన వార్తలకు కొదువ లేదు. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు రాత్రివేళల కరాచీనుండి ఆయుధములను విమానములపై తెచ్చుచుండెను. అతడు 1939లో బ్రిటిషు గూఢచారశాఖకై జర్మనీదేశపు ఛాయాచిత్రములను ఆకాశమునుండి తీసినవాడు.

సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 17న లాయక్ అలీ మంత్రివర్గము రాజీనామా చేసెను. నిజాము మున్షీగారిని పిలిపించి మాటలాడి, ఆ సాయంకాలము రేడియోలో ప్రసంగించెను. భద్రతాసమితి ముందున్న తన వ్యాజ్యమును ఉపసంహరించుకొనెను. నెలల తరబడి శంకింపబడిన దూతయే ఆపత్కాలమున సంధాత యయ్యెను.

కాని కథ అంతటితో ముగియలేదు. పిమ్మట గ్రామములలో ముస్లిములపై జరిగిన హింసను విచారించుటకు పండిత సుందరలాలుగారి సంఘము వచ్చెను. తక్కువలో తక్కువగా 27,000 మొదలు 40,000 మంది హతులైరని ఆ సంఘము అంచనా వేసెను. ఆ నివేదికను ప్రభుత్వము చిరకాలము వెలువరింపలేదు.

రజాకార్ల ఘోరములను గూర్చి వచ్చిన వార్తను విన్న చెవులే, తమ విజయము వెనుకటి ఘోరములను గూర్చిన వార్తను మూలబెట్టినవి. కన్నులుండుట చాలదు, అవి చూపినదెల్ల చూచు ధైర్యము ప్రభువునకుండవలెను. మన ఊళ్లలో ఆ దినముల కథ చెప్పు పెద్దలు రెండు పుటలను కలిపియే చెప్పుట న్యాయము.