పాత ఇంటికి కొత్త స్లాబ్ కలుపుతున్నారా? ఆ అతుకు దగ్గర పగులు ఎందుకొస్తుందంటే..

ఇంటి ముందు పోర్టికో, వెనక ఇంకో గది.. ఇలా పాత ఇంటికి కొత్త స్లాబ్ కలిపేవాళ్లు చాలామందే. పోసిన కొన్ని నెలలకే పాతదీ కొత్తదీ కలిసే చోట గీత గీసినట్టు పగులు కనిపిస్తుంది. తప్పంతా మేస్త్రీ మీదకే పోతుంది. నిజానికి పని బాగా చేసినా ఈ పగులు రావచ్చు.

కొత్త కాంక్రీట్ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పరీక్షల లెక్కలు లేనప్పుడు ఈ కుదింపును 0.0003గా తీసుకోవచ్చని ఐఎస్ 456 కోడ్ చెబుతోంది. అంటే 10 మీటర్ల స్లాబ్‌కు సుమారు 3 మిల్లీమీటర్లు. పాత స్లాబ్ ఆ దశ ఎప్పుడో దాటేసింది. అది కదలదు, కొత్తది లాగుతుంది.. అతుకు విడిపోతుంది. క్యూరింగ్ తగ్గితే ఇంకా తొందరగా విడిపోతుంది.

పునాది సంగతీ అంతే. పాతది ఏళ్ల తరబడి బరువు మోసి సర్దుకుంది. కొత్త పిల్లర్లు బరువు పడ్డాకే కాస్త కిందికి దిగుతాయి. వానకు ఉబ్బి, ఎండకు కుంగే నల్లరేగడి నేలలో ఈ తేడా మరీ ఎక్కువ.

అందుకే కొత్త భాగానికి సొంత పిల్లర్లు, పునాది ఇచ్చి, మధ్యలో సన్నటి ఖాళీ వదిలేయడమే చాలా ఇళ్లకు మేలు. ఆ ఖాళీని సిమెంటుతో కాదు, సాగే సీలెంట్‌తో నింపాలి. కలిపి తీరాల్సి వస్తే పాత బీమ్‌కు రంధ్రాలు వేసి, దుమ్ము పూర్తిగా ఊదేసి, ఎపాక్సీతో చువ్వలు బిగిస్తారు. పాత కాంక్రీట్ ముఖానికి గాట్లు పెట్టి తడిపాకే కొత్తది పోయాలి. ఆ బీమ్ అదనపు బరువు మోస్తుందో లేదో ముందే ఇంజినీర్ లెక్క కట్టాలి.

పిల్లర్లు లేకుండా పాత గోడలోంచి కొత్త స్లాబ్‌ను బయటకు వేలాడదీయడం మాత్రం ప్రమాదం. అక్కడ అతుకు వదిలితే స్లాబే కూలిపోవచ్చు.

వచ్చిన పగులుకు లప్పం పెట్టి రంగేస్తే మళ్లీ తెరుచుకుంటుంది. అది పెరుగుతోందో లేదో చూడాలంటే పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించి, తేదీ రాసి పెట్టుకోవాలి. గాజు పగిలితే కదలిక ఆగలేదన్నమాట. తుప్పు మరకలు కారుతున్నా, స్లాబ్ కిందికి వంగినట్టు కనిపించినా గాజు దాకా ఆగకూడదు. దాని కింద ఎవరూ ఉండకుండా చూసి, వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవాలి.