పల్చటి గాలిలో బతుకు: హిమాలయ జీవుల రక్తంలో ఏముంది?

కర్ణాటకలోని గదగ్ జిల్లా మాగడి చెరువుకు ఏటా చలికాలంలో బార్ హెడెడ్ గూస్ అనే అడవి బాతులు వేల సంఖ్యలో వస్తాయి. తెల్లటి తల వెనక రెండు నల్లటి పట్టీలు వీటి గుర్తు. వేసవిలో ఇవి లద్దాఖ్, టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర గుడ్లు పెడతాయి. అక్కడి నుంచి దక్కన్‌కు రావాలంటే హిమాలయాలు దాటక తప్పదు. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో విమానం దిగిన మైదాన ప్రాంత మనిషిని రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోమంటారు వైద్యులు. ఈ బాతులు అంతకు రెట్టింపు ఎత్తులో రెక్కలాడించిన దాఖలాలున్నాయి. ఈ తేడాకు మూలం చాలావరకు అణువుల స్థాయిలో ఉంది.

తగ్గేది ఒత్తిడి

ఎంత ఎత్తుకు వెళ్లినా గాలిలో ఆక్సిజన్ వాటా దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్ర మట్టంతో పోలిస్తే అది 5,500 మీటర్ల వద్ద సగానికి, ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతుకు పడిపోతుంది. దాంతో ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది.

కణంలోని అలారం

ఈ కొరతను పసిగట్టేది హెచ్‌ఐఎఫ్ అనే ప్రోటీన్. కణాల్లో అది నిరంతరం తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ తగినంత ఉన్నప్పుడు ఒక ఎంజైమ్ దానికి రసాయనిక గుర్తు వేస్తుంది. ఆ గుర్తు వేయడానికి ఆక్సిజనే కావాలి. గుర్తు పడ్డ హెచ్‌ఐఎఫ్‌ను కణం నిమిషాల్లో ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. అప్పుడు హెచ్‌ఐఎఫ్ పోగుపడి వందలాది జన్యువులను ఉత్తేజపరుస్తుంది. వాటిలో ఒకటి ఎరిత్రోపోయిటిన్ హార్మోన్‌ను తయారుచేస్తుంది. దాని ప్రభావంతో ఎముక మజ్జ ఎర్ర రక్తకణాల ఉత్పత్తి పెంచుతుంది. ఈ వ్యవస్థను ఛేదించినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్య నోబెల్ దక్కింది.

చిక్కేమిటంటే, ఈ స్పందన ఏళ్ల తరబడి సాగితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఎర్రకణాలు అతిగా పెరిగితే రక్తం చిక్కబడుతుంది, గుండెపై భారం పడుతుంది. ఆండీస్ పర్వతవాసుల్లో కనిపించే దీర్ఘకాలిక పర్వత వ్యాధికి కారణం ఇదే. తరతరాలుగా ఎత్తుల్లో బతికే జీవుల్లో అనేకం రక్తాన్ని పెంచుకునే దారిని వదిలి వేరే దారులు పట్టాయి.

బాతు: మారిన ఒక్క అమైనో ఆమ్లం

ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులుంటాయి. ఈ అణువు రెండు రూపాల మధ్య మారుతుంటుంది. బిగుతు రూపంలో ఆక్సిజన్‌ను వదిలేస్తుంది, వదులు రూపంలో పట్టి ఉంచుతుంది. మైదానాల్లో ఉండే దగ్గరి బంధువు గ్రేలాగ్ గూస్‌లో ఆల్ఫా గొలుసు 119వ స్థానంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఉంటే, బార్ హెడెడ్ గూస్‌లో అంతకన్నా చిన్నదైన అలనిన్ ఉంటుంది. దీనివల్ల పక్కనున్న బీటా గొలుసుతో ఒక బంధం తెగి, బిగుతు రూపం బలహీనపడుతుందని, ఆక్సిజన్‌ను పట్టే శక్తి పెరుగుతుందని మాక్స్ పెరూట్జ్ 1983లో ప్రతిపాదించారు. 1991లో శాస్త్రవేత్తలు ఇదే మార్పును మనిషి హిమోగ్లోబిన్‌లో చేసి చూస్తే పట్టు నిజంగానే పెరిగింది. దక్షిణ అమెరికాలోని ఆండియన్ గూస్‌లో అదే బంధం బీటా గొలుసు వైపు నుంచి, 55వ స్థానంలో మార్పుతో తెగింది. రెండు ఖండాల్లో పరిణామం విడివిడిగా ఒకే చోటికి చేరిందన్నమాట.

అయితే అంతా ఈ ఒక్క మార్పు ఘనతే కాదు. ఆల్ఫా గొలుసులోని ఇతర మార్పులకూ పాత్ర ఉందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఈ బాతుల రెక్కల కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు కూడా ఎక్కువే. ఇక ఇవి ఎవరెస్ట్ మీదుగా ఎగురుతాయన్నది ప్రచారంలో ఉన్న మాట. ఉపగ్రహ ట్యాగ్‌లు నమోదు చేసిన గరిష్ఠ ఎత్తు మాత్రం 7,290 మీటర్లు. ఎక్కువ ప్రయాణం 5,500 మీటర్ల లోపే, నేల ఎగుడుదిగుడులను అనుసరిస్తూ సాగుతుంది.

జడల బర్రె, టిబెటన్ కుక్క

ఆక్సిజన్ తగ్గినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు కుంచించుకుపోవడం క్షీరదాల్లో సాధారణం. ఎత్తైన చోట్ల మేసే ఆవులకు దీనివల్ల గుండె దెబ్బతినే జబ్బు వస్తుంది. జడల బర్రెలో ఈ స్పందన దాదాపు లేదు. జడల బర్రెకు, ఆవుకు పుట్టే సంకర పశువు 'జో'లోనూ ఊపిరితిత్తుల రక్తపోటు తక్కువగానే ఉందని 1980లలో లద్దాఖ్‌లో జరిగిన అధ్యయనం చూపింది. అంటే ఈ లక్షణం వారసత్వంగా వస్తుంది.

టిబెటన్లు అలారాన్నే మంద్రం చేసుకున్నారు. హెచ్‌ఐఎఫ్‌లో ఒక రకాన్ని తయారుచేసే ఈపీఏఎస్1 జన్యువులోని ప్రత్యేక రూపం వల్ల, 4,000 మీటర్ల ఎత్తులోనూ వారిలో చాలామంది హిమోగ్లోబిన్ మైదానవాసుల స్థాయికి దగ్గరగా ఉంటుంది. ఆ రూపం అంతరించిపోయిన డెనిసోవన్ మానవుల నుంచి వచ్చిందని 2014లో తేలింది. టిబెటన్ మాస్టిఫ్ కుక్కలకు ఇదే జన్యువులోని అనుకూల రూపం అక్కడి తోడేళ్లతో సంకరం వల్ల సంక్రమించింది. కొత్తగా వచ్చిన మనిషి, అతని వెంట వచ్చిన కుక్క ఇద్దరూ స్థానిక బంధువుల నుంచే బతికే ఉపాయం అందుకున్నారు.

ఆసుపత్రి దాకా

ఈ పరిజ్ఞానం ఇప్పటికే మందుల రూపంలో వచ్చింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఎరిత్రోపోయిటిన్ తగ్గి రక్తహీనత వస్తుంది. హెచ్‌ఐఎఫ్‌కు గుర్తు వేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటే, శరీరం తాను కొండ మీద ఉన్నట్టు భ్రమపడి ఆ హార్మోన్‌ను తయారుచేస్తుంది. ఈ సూత్రంతో పనిచేసే డెసిడుస్టాట్ మాత్రలకు భారత్‌లో 2022లో అనుమతి లభించింది.

సియాచిన్ సైనికుడికైనా, అమర్‌నాథ్ యాత్రికుడికైనా ఇందులో ఒక హెచ్చరిక ఉంది. కొన్ని రోజుల్లో శరీరం సర్దుకోవడం వేరు, తరతరాల్లో జన్యువులు మారడం వేరు. ఎంత దృఢంగా ఉన్నవారైనా మొదటిది మాత్రమే చేయగలరు, దానికి కూడా వ్యవధి కావాలి. అందుకే నెమ్మదిగా ఎక్కమనడం వట్టి జాగ్రత్త మాట కాదు, కణాలకు సమయం ఇవ్వడం.